పీఎస్4 ఇచ్చేసి పీఎస్5 తీసుకుంటున్నా. సేవ్‌లు ఎట్లా? ప్లస్ అయిపోయింది

కొర్లగుంట కింగ్ (తిరుపతి)

అందరికీ నమస్కారం. ఇంట్లో పీఎస్4 స్లిమ్ (సోనీ ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) ఉంది, 500 జీబీది. డిస్కు డ్రైవ్ ఉన్న పీఎస్5 ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, బేరం కూడా కుదిరింది. షాపాయన పాతది ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటానన్నాడు. "డబ్బా తెచ్చి ఇచ్చెయ్, ఫార్మాట్ నేనే కొట్టుకుంటా" అని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

నా టెన్షనంతా సేవ్‌ల గురించే, అంటే గేమ్‌లో ఎక్కడిదాకా ఆడామో దాచి ఉంచే ఫైళ్లు. పీఎస్ ప్లస్ (సోనీకి డబ్బు కట్టి తీసుకునే సబ్‌స్క్రిప్షన్) సంక్రాంతి తర్వాత అయిపోయింది, మళ్లీ కట్టలేదు. డబ్బాలో యూజర్లు ఇద్దరం: నేను, మా మేనల్లుడు. వాడిది చిత్తూరు, సెలవులొస్తే మా ఇంట్లోనే మకాం. ఫుట్‌బాల్ గేమ్ ఫిఫా 21లో వాడి కెరీర్ మోడ్ ఎన్ని సీజన్లు నడిచిందో వాడికే తెలియాలి. గంగ జాతరకు అక్కావాళ్లు దిగుతున్నారు. ఆ కెరీర్ కనపడలేదంటే ఇంట్లో ఇంకో జాతర.

నావి జీటీఏ 5, ఘోస్ట్ ఆఫ్ సుషిమా, ప్లస్‌లో నెల నెలా వచ్చిన గేమ్స్ కొన్ని. సేవ్‌ల కోసం మళ్లీ ప్లస్ కట్టాల్సిందేనా? కట్టకుండా దారి ఉందా?

డిస్కే దిక్కు (చంద్రగిరి)

బ్రో, నీ దగ్గర డిస్కులు ఉన్నాయి కదా. పీఎస్5లో పెట్టు, ఆడుకో. ఈ క్లౌడ్ గోల (సేవ్‌లను నెట్‌లో కంపెనీ దగ్గర దాచడం) అంతా మన దగ్గర నెల నెలా డబ్బులు గుంజడానికే. నేను ఇంతవరకు ఒక్క సబ్‌స్క్రిప్షన్ కట్టలేదు.

ఆర్సీ రోడ్ సీనన్న (తిరుపతి)

తమ్ముడూ చంద్రగిరీ, డిస్కులో గేమ్ ఉంటుంది గానీ సేవ్ ఉండదు. బ్లూరే డిస్కు మీద కన్సోల్ ఏమీ రాయదు. ఆ సలహా విని ఈ పిల్లాడు డబ్బా ఇచ్చేస్తే మేనల్లుడి కెరీర్ ఆ షాపులోనే తుడిచిపెట్టుకుపోతుంది.

కింగ్, ముందు షాపాయన ఫోన్ ఎత్తడం ఆపు. ఏ గేమ్ సేవ్ ఎక్కడ ఉందో తెలిసేదాకా డబ్బా ఇంటి గడప దాటకూడదు. సేవ్ మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది. ఒకటి, కన్సోల్ లోపలి స్టోరేజ్. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తగిలించుకున్నా గేమ్స్ మాత్రమే అందులోకి పోతాయి, సేవ్‌లు లోపలే ఉంటాయి. చాలామందికి ఇది తెలియక హార్డ్ డిస్కు దాచుకుని డబ్బా అమ్మేస్తారు. రెండోది ప్లస్ వాళ్ల క్లౌడ్. మూడోది గేమ్ తయారుచేసిన కంపెనీ సర్వర్: జీటీఏ ఆన్‌లైన్ క్యారెక్టర్, ఫిఫా అల్టిమేట్ టీమ్ లాంటివి. అవి నీ డబ్బాలోనూ ఉండవు, సోనీ క్లౌడ్‌లోనూ ఉండవు.

ఇక నీ ప్రశ్న. పీఎస్4 సేవ్‌లకు ప్లస్ కట్టక్కర్లేదు. మామూలు పెన్‌డ్రైవ్ చాలు, ఎఫ్ఏటీ32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫార్మాట్‌లో ఉండాలి. సెట్టింగ్స్‌లో అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్, అందులో సిస్టమ్ స్టోరేజ్, అక్కడ కాపీ టు యూఎస్‌బీ. అన్నీ టిక్ పెట్టి కాపీ కొట్టు. సేవ్‌లు పెద్ద సైజు కూడా ఉండవు.

ఒక్కటి గుర్తుపెట్టుకో, ఈ సౌకర్యం పీఎస్4 సేవ్‌లకే. పీఎస్5 గేమ్ సేవ్‌ను విడిగా పెన్‌డ్రైవ్‌లోకి తీయడం కుదరదు. కొత్త డబ్బా వచ్చాక నువ్వు సుషిమా పీఎస్5 వెర్షన్ ఆడితే, ఆ సేవ్ విడిగా దాచుకోవడానికి ప్లస్ క్లౌడ్ ఒక్కటే దారి. కంపెనీ తెలివంతా అక్కడే ఉంది.

కొర్లగుంట కింగ్

థాంక్స్ సీనన్నా. పెన్‌డ్రైవ్ పని ఈ రోజే చేస్తా. ప్లస్ ఉన్నప్పుడు క్లౌడ్‌లోకి పోయిన సేవ్‌లు ఈపాటికి తీసేసి ఉంటారా?

ఆర్సీ రోడ్ సీనన్న

ప్లస్ అయిపోయాక 6 నెలల వరకు ఉంచుతారు. నీది సంక్రాంతి తర్వాత కాబట్టి ఇంకా గడువుంది. ఏదైనా సేవ్ డబ్బాలో పాడైపోయి క్లౌడ్‌లో మాత్రమే బాగుంటే ఒక్క నెల ఎసెన్షియల్ (ప్లస్‌లో అన్నిటికన్నా చిన్న ప్లాన్) తీసుకుని దించుకో. అన్నీ డబ్బాలోనే బాగుంటే ఆ ఖర్చు కూడా దండగ.

నెల నెలా వచ్చిన ప్లస్ గేమ్స్‌కు తాళం పడుతుంది గానీ సేవ్ పోదు. ఎప్పుడైనా మళ్లీ ప్లస్ కడితే, నువ్వు లైబ్రరీలో వేసుకున్నవి తెరుచుకుంటాయి.

గ్రీమ్స్‌పేట గేమర్ (చిత్తూరు)

ఎక్స్‌బాక్స్ వాళ్లకు ఈ బాధలే లేవని చెప్పడానికి వచ్చా 😄 క్లౌడ్ సేవ్ అందరికీ ఉచితం. గేమ్ పాస్ (ఎక్స్‌బాక్స్ సబ్‌స్క్రిప్షన్) ఉన్నా, లేకున్నా. ఎక్స్‌బాక్స్ వన్ కాలం నుంచి ఇంతే. నెట్ ఉంటే చాలు, గేమ్ మూయగానే దానంతట అదే ఎక్కిపోతుంది. మా ఇంట్లో వన్ ఎస్ పక్కన పెట్టి సిరీస్ ఎస్ తెచ్చిన రోజు నేను చేసిన పని మెయిల్, పాస్‌వర్డ్ కొట్టడమే. గేమ్ డౌన్‌లోడ్ అయ్యాక సేవ్ దానంతట అదే వచ్చి కూర్చుంది.

ఆర్సీ రోడ్ సీనన్న

నిజమే గానీ, మీకు పెన్‌డ్రైవ్ దారి అసలు లేదు. క్లౌడ్‌లో ఉన్నది పాడైతే మీ చేతిలో ఇంకో కాపీ ఉండదు. డిలీట్ కొట్టేటప్పుడు అడిగే ప్రశ్న సరిగ్గా చదవకుండా నొక్కేసి నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉన్నారు.

గ్రీమ్స్‌పేట గేమర్

అది ఒప్పుకుంటా. సేవ్డ్ డేటాలోకి వెళ్లి డిలీట్ అంటే రెండు మాటలు వస్తాయి: ఈ కన్సోల్ నుంచి తీసెయ్, అన్ని చోట్ల నుంచి తీసెయ్. రెండోది నొక్కితే క్లౌడ్‌లోది కూడా పాయె. జాగా కోసం తీసేవాళ్లు మొదటిదే నొక్కాలి.

నెట్ లేనప్పుడు రెండు డబ్బాల్లో ఒకే గేమ్ ఆడినా చిక్కే. తర్వాత నెట్ రాగానే ఏది ఉంచాలి అని అడుగుతుంది. తేదీ, టైమ్ చూడకుండా ఏదో ఒకటి నొక్కారంటే రెండోది పోయినట్టే.

కొర్లగుంట కింగ్

సీనన్నా, పెన్‌డ్రైవ్‌లోకి నా సేవ్‌లన్నీ వచ్చేశాయి. రెండు చిక్కులు వచ్చి పడ్డాయి.

మొదటిది. మేనల్లుడి యూజర్‌కు పీఎస్ఎన్ (సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్) అకౌంటే లేదు. ఊరికే పేరు పెట్టి పెట్టిన యూజర్ అది.

రెండోది ఇంకా పెద్దది. పీఎస్4 కొన్నప్పుడు నా అకౌంట్ కూడా షాపులోనే చేసిచ్చారు. మెయిల్ ఐడీ వాళ్లే ఏదో పెట్టారు. డబ్బా అడుగున తెల్ల ప్లాస్టర్ అతికించి, దాని మీద స్కెచ్ పెన్నుతో మెయిల్, పాస్‌వర్డ్ రాసిచ్చారు. ఇప్పుడు తిప్పి చూస్తే పాస్‌వర్డ్ కనపడుతోంది. మెయిల్‌లో "తిరుపతి" అనే అక్షరాల తర్వాత అంకెలు చెరిగిపోయి నీలి మరక మిగిలింది. 7 అనుకుంటే 7, 1 అనుకుంటే 1. ఆ షాపు ఇప్పుడు లేదు, అక్కడ జ్యూస్ సెంటర్ పెట్టారు.

పీఎస్4లో మాత్రం ఇంకా లాగిన్ అయ్యే ఉంది.

యేర్పేడు హాస్టల్ (తిరుపతి జిల్లా)

ప్లాస్టర్ అకౌంట్ 😂😂 మా అన్నది కూడా సేమ్ టు సేమ్. ఒకే షాపేమో.

ఆర్సీ రోడ్ సీనన్న

నవ్వకండయ్యా, ఊళ్లో సగం పీఎస్4ల అడుగున ఇదే ప్లాస్టర్ ఉంటుంది.

కింగ్, నీ సేవ్ పెన్‌డ్రైవ్‌లో ఉన్నంత మాత్రాన నీది కాదు. అది నీ పీఎస్ఎన్ అకౌంట్‌కు కట్టి ఉంటుంది. పీఎస్5లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితేనే తెరుచుకుంటుంది. కొండ మీద సెల్‌ఫోన్ కౌంటర్లో ఫోన్ ఇచ్చి టోకెన్ తీసుకుంటాం చూడు, అకౌంట్ ఆ టోకెన్ లాంటిది. నీ ఫోన్ అక్కడే కనపడుతున్నా టోకెన్ లేకుండా ఇవ్వరు.

ఇంకా లాగిన్ ఉందన్నావు కాబట్టి అదృష్టవంతుడివి. పాస్‌వర్డ్ కూడా తెలుసు. సెట్టింగ్స్, అకౌంట్ మేనేజ్‌మెంట్, అకౌంట్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లి సైన్ ఇన్ ఐడీ చూడు. పాస్‌వర్డ్ అడుగుతుంది, కొట్టు. అక్కడే మెయిల్‌ను నీ సొంత మెయిల్‌కు మార్చు, నీకొచ్చే వెరిఫికేషన్ లింకు నొక్కు. ఆ తర్వాత పాస్‌వర్డ్ కూడా మార్చెయ్. పుట్టిన తేదీ ఏం పెట్టారో కూడా చూసి రాసుకో. రేపు కస్టమర్ సపోర్ట్ వాళ్లతో మాట్లాడాల్సి వస్తే ముందు అదే అడుగుతారు.

ఇదంతా అయ్యేదాకా పొరపాటున కూడా లాగౌట్ కొట్టొద్దు, డబ్బా రీసెట్ చేయొద్దు.

పద్మావతీపురం పద్మ (తిరుపతి)

కుమారా, ఇంకొకటి. మెయిల్ మార్చగానే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకో. పెట్టుకున్నప్పుడు పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు, వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. మా పెద్దవాడు సిమ్ మార్చినప్పుడు ఓటీపీలన్నీ పాత నంబరుకే పోయాయి. ఆ కాగితం ఉండబట్టి బయటపడ్డాం. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఫోన్ పోయిన రోజు ఏం చేస్తారు చెప్పండి?

మేనల్లుడికి అకౌంట్ చేసేటప్పుడు వాడి వయసు అబద్ధం పెట్టకు. నువ్వు ఫ్యామిలీ మేనేజర్‌గా ఉండి వాడిని పిల్లల అకౌంట్‌గా చేర్చు. ఎంత సేపు ఆడాలి, నెలకు ఎంత ఖర్చు పెట్టాలి అన్నీ నీ చేతిలో ఉంటాయి. ఖర్చు పరిమితి సున్నా పెట్టుకోవచ్చు, మా ఇంట్లో అంతే.

కొర్లగుంట కింగ్

అక్కా, అకౌంట్ కొత్తది చేస్తే వాడి పాత సేవ్ దానికి వస్తుందా? అదే నా అనుమానం.

ఆర్సీ రోడ్ సీనన్న

వస్తుంది, కానీ వరస తప్పకూడదు. కొత్త యూజర్‌ను సృష్టించొద్దు. వాడి పాత యూజర్‌తోనే పీఎస్4లోకి వెళ్లి, అక్కడ నుంచి కొత్త అకౌంట్‌తో సైన్ ఇన్ చెయ్. అప్పుడు ఆ యూజర్ కింద ఉన్న సేవ్‌లు ఆ అకౌంట్‌కు కట్టుబడతాయి. ఒకసారి కట్టాక ఆ యూజర్‌ను ఇంకో అకౌంట్‌కు మార్చడం కుదరదు, కాబట్టి తొందర్లో నీ అకౌంట్ కొట్టేయొద్దు.

స్విచ్ సుబ్బు (శ్రీకాళహస్తి)

ఇది పీఎస్ థ్రెడ్ అని తెలుసు, అయినా మా బాధ వినేవాళ్లు లేరు. నింటెండో స్విచ్‌ను మన దేశంలో కంపెనీ అధికారికంగా అమ్మదు, మన దేశానికి ఈషాప్ (వాళ్ల ఆన్‌లైన్ గేమ్ స్టోరు) కూడా లేదు. నాది మా బావ డల్లాస్ నుంచి తెచ్చాడు. అమెరికా రీజియన్ అకౌంట్, అమెరికా గిఫ్ట్ కార్డులు.

స్విచ్‌లో సేవ్ ఎప్పుడూ లోపలి మెమరీలోనే. మైక్రో ఎస్డీ కార్డులోకి గేమ్ మాత్రమే పోతుంది. కార్డు తీసి ఇంకో స్విచ్‌లో పెడితే సేవ్ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. క్యాట్రిడ్జ్‌లో కూడా ఉండదు. క్లౌడ్ కావాలంటే స్విచ్ ఆన్‌లైన్ కట్టాలి, ఆపేశాక 180 రోజులు ఉంచుతారు. కట్టినా కొన్ని గేమ్స్‌కు క్లౌడ్ సేవ్ లేదు: స్ప్లాటూన్ 2, పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్. యానిమల్ క్రాసింగ్‌కు మామూలు క్లౌడ్ కాదు, దీవి బ్యాకప్ అని విడిగా ఆన్ చేసుకోవాలి.

రెండు స్విచ్‌లు పక్కపక్కన పెట్టి సేవ్ పంపుకోవడం మాత్రం ఉచితం. అయితే అది కాపీ కాదు, పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో పెడుతుంది.

గ్రీమ్స్‌పేట గేమర్

బావలు డల్లాస్‌లో ఉన్నవాళ్లకు కూడా బాధలా స్వామీ 😄

స్విచ్ సుబ్బు

బావకు పెళ్లిలో పెట్టిన ఉంగరం కంటే ఆ స్విచ్ మోసుకొచ్చినందుకే ఎక్కువ మర్యాద చేయాల్సి వస్తోంది. మీకేం తెలుసు.

డిస్కే దిక్కు

అన్నీ చదివా. ఒప్పుకుంటా, సేవ్ డిస్కులో ఉండదు. కానీ నా మాటలో సగం నిజం ఉంది. 2025 ఫిబ్రవరిలో పీఎస్ఎన్ దాదాపు ఒక రోజంతా పడిపోయింది కదా. సోనీ వాళ్లు ప్లస్ ఉన్నవాళ్లకు 5 రోజులు కలిపి ఇచ్చి సరిపెట్టారు. ఆ రోజు నేను డిస్కు పెట్టుకుని హాయిగా ఆడుకున్నా. 2011లో అయితే ఇంకా ఘోరం, 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు బయటకు పోయి, మూడు వారాలకు పైగా మూసేశారు. సర్వర్ మీద ఆధారపడితే ఇంతే.

ఆర్సీ రోడ్ సీనన్న

ఆ రోజు డిజిటల్ గేమ్స్ కొన్నవాళ్లు కూడా ఆడారు తమ్ముడూ, కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అనే సెట్టింగ్ ఆన్ చేసి ఉన్నవాళ్లు. పీఎస్4లో దాన్నే ప్రైమరీ అంటారు. అది ఆఫ్‌లో ఉన్నవాళ్లకే తాళం గుర్తు కనపడింది. కింగ్, నువ్వు కూడా పీఎస్5 రాగానే అది ఆన్‌లో ఉందో లేదో చూసుకో. ఒక అకౌంట్‌కు ఒక పీఎస్5, ఒక పీఎస్4 మాత్రమే అట్లా పెట్టుకోవచ్చు.

యేర్పేడు హాస్టల్

ఈ షేరింగ్ మీదే నా డౌటు. ఒక గ్రూపులో సగం ధరకే డిజిటల్ గేమ్స్ ఇస్తామంటున్నారు. వాళ్ల అకౌంట్ మన పీఎస్5లో ప్రైమరీ పెట్టి, మన యూజర్‌తో ఆడుకోవాలట. రేణిగుంట స్టేషన్ దగ్గర కలిసి డబ్బులిస్తే చాలు అంటున్నాడు. తీసుకోవచ్చా?

పద్మావతీపురం పద్మ

వద్దు నాయనా. రేపు వాడు వెబ్‌సైట్‌లోకి వెళ్లి అన్ని డివైజ్‌లనూ డీయాక్టివేట్ చేస్తే నీ గేమ్‌కు తాళం పడుతుంది. ఆ సౌకర్యం 6 నెలలకు ఒకసారి ఉంటుంది, వాడికి అది చాలు. ఇంకో నలుగురికి అదే గేమ్ అమ్ముకుంటాడు.

నిర్వాహకుడు

షేర్డ్ అకౌంట్ అమ్మకాలు, కొనుగోళ్ల గురించిన లింకులు ఇక్కడ పెట్టకండి. అది కంపెనీ నియమాలకు విరుద్ధం. హాస్టల్ తమ్ముడి పోస్టులో ఉన్న గ్రూపు పేరు తీసేశాను. చర్చ కొనసాగించండి.

యేర్పేడు హాస్టల్

ఓకే సార్. ఇంకొక్క డౌటు, ఇది న్యాయమైనదే. మా అన్న ప్లస్ కట్టాడు, అదే పీఎస్5లో నేను నా యూజర్‌తో ఆన్‌లైన్ ఆడుతున్నా. నా సేవ్‌లు కూడా క్లౌడ్‌లోకి పోతున్నట్టే కదా?

పద్మావతీపురం పద్మ

పోవు. మా ఇంట్లో గొడవ మొదలైందే ఇక్కడ, అందుకే కొంచెం వివరంగా చెబుతా.

కన్సోల్ షేరింగ్ ఆన్‌లో ఉంటే ఒకరు కట్టిన ప్లస్‌తో ఆ డబ్బాలో ఉన్న అందరూ ఆన్‌లైన్ ఆడుకోవచ్చు, కట్టినవాళ్ల గేమ్స్ ఆడుకోవచ్చు. క్లౌడ్ మాత్రం కట్టిన అకౌంట్‌దే. మా పెద్దవాడి సేవ్‌లకు పక్కన క్లౌడ్ గుర్తు ఉంటుంది, చిన్నవాడి వాటికి ఉండదు. చిన్నవాడు పీఎస్5 గేమ్ ఆడితే వాడి సేవ్ డబ్బా లోపల ఒక్క చోటే ఉన్నట్టు. దానికి మేం చేసేది, పెద్ద హార్డ్ డిస్కులోకి మొత్తం కన్సోల్‌ను బ్యాకప్ తీయడం. సెట్టింగ్స్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ ఉంది, గేమ్స్ టిక్ తీసేసి సేవ్‌లు ఉంచుకుంటే త్వరగా అయిపోతుంది. తిరిగి ఎక్కించేటప్పుడు మాత్రం అప్పటికి డబ్బాలో ఉన్నదంతా పోయి బ్యాకప్‌లో ఉన్నది వస్తుంది. అందుకని ఒక్క గేమ్ కోసం దీన్ని వాడలేం, రిపేరుకు ఇచ్చేముందు తీసుకోవడానికి బాగుంటుంది.

ఇంకా ఖర్చు మాట. 2022లో ప్లస్ మూడు రకాలైంది: ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్. వేరే దేశాల్లో ప్రీమియం అనే దానికి బదులు మనకు డీలక్స్, ఎందుకంటే మనకు స్ట్రీమింగ్ ఇవ్వలేదు. అప్పుడు ఎసెన్షియల్ ఏడాదికి రూ. 2,999. 2023 సెప్టెంబరులో దాన్ని రూ. 3,949 చేశారు. ఇప్పుడెంతో స్టోరులో చూసుకోండి. సేవ్‌ల కోసమే అయితే ఎసెన్షియల్ చాలు. సేవ్‌ల పేరు చెప్పి డీలక్స్ కట్టించుకున్నాడు మా పెద్దవాడు.

గ్రీమ్స్‌పేట గేమర్

పెద్దవాడు తెలివైనవాడు అక్కా.

మా వైపు పేర్ల గోల చెప్పనక్కర్లేదు. లైవ్ గోల్డ్ అన్నారు, 2023 సెప్టెంబరులో గేమ్ పాస్ కోర్ అన్నారు, 2025 అక్టోబరులో దాన్నే ఎసెన్షియల్ అన్నారు, అదే చేత్తో గేమ్ పాస్ అల్టిమేట్ ధర పెంచారు. ఒకటి బాగుంది. గేమ్ పాస్‌లోంచి గేమ్ వెళ్లిపోయినా సేవ్ క్లౌడ్‌లో అట్లాగే ఉంటుంది, తర్వాత ఎప్పుడైనా ఆఫర్‌లో కొంటే ఆపిన చోట నుంచి ఆడుకోవచ్చు. కాకపోతే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి రెండేళ్లు అసలు లాగిన్ అవ్వకపోతే అకౌంటే మూసేస్తారు. పైచదువులకని డబ్బా అటక ఎక్కించేవాళ్లు ఫోన్‌లో అయినా అప్పుడప్పుడు లాగిన్ అవ్వండి.

కొర్లగుంట కింగ్

పద్మక్కా, ఆటోపే గురించి కూడా చెప్పండి. కార్డు పెడితే చెప్పకుండా కట్ అవుతాయని భయం.

పద్మావతీపురం పద్మ

చెప్పకుండా కట్ అవ్వవు. ఆర్‌బీఐ నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి ఉంది: కార్డు మీద ఆటోపే అయితే 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి, 2022 జూన్ నుంచి అయితే రూ. 15,000 దాటితే ఓటీపీ కూడా కావాలి. ఆ మెసేజ్‌లోనే ఆపుకునే దారి ఉంటుంది. తంటా ఏంటంటే, ఆ మెసేజ్ వచ్చేది బ్యాంకులో ఇచ్చిన నంబరుకు. మా ఆయన కార్డు పెడితే మెసేజ్ ఆయనకు పోతుంది, ఆయన చదవరు.

అందుకే నేను కార్డే పెట్టను. ఎంత కావాలో అంతకు వాలెట్ కోడ్ కొని వేస్తా, వెంటనే సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి ఆటో రెన్యూ ఆపేస్తా. ఆపినా కట్టిన గడువు దాకా ప్లస్ నడుస్తుంది. ఆపకపోతే వాలెట్‌లో మిగిలిన డబ్బులోంచి కూడా లాగేసుకుంటుంది, అది చాలామంది చూసుకోరు.

కోడ్ కొనేముందు నీ అకౌంట్ ఏ దేశానిదో చూడు. ఇండియా కోడ్ ఇండియా అకౌంట్‌కే పనిచేస్తుంది, పీఎస్ఎన్‌లో దేశం తర్వాత మార్చడం కుదరదు. నీ ప్లాస్టర్ షాపాయన ఏ దేశం పెట్టాడో దేవుడికెరుక.

కొర్లగుంట కింగ్

చూశా అక్కా, ఇండియానే. గోవిందా గోవింద.

అప్‌డేట్. మెయిల్ మార్చేశా, సీనన్న చెప్పిన చోటే ఉంది. ఆ చెరిగిపోయిన అంకె 7 కాదు, 1 కాదు, 4 అట! వెరిఫికేషన్ అయిపోయింది, టూ స్టెప్ కూడా పెట్టా. మేనల్లుడికి పిల్లల అకౌంట్ చేసి వాడి యూజర్‌కు కట్టా. వాడి సేవ్ వాడికే కనపడుతోంది. పీఎస్5 ఇంటికొచ్చింది. పెన్‌డ్రైవ్‌తో చేయాలా, నేరుగా ట్రాన్స్‌ఫర్ చేయాలా?

ఆర్సీ రోడ్ సీనన్న

నేరుగా చెయ్, పెన్‌డ్రైవ్ కాపీ పక్కన ఉండనీ. రెండు డబ్బాలూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి, రెండింట్లోనూ అదే అకౌంట్ ఉండాలి. వీలైతే రూటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగు, వైఫై మీద గేమ్స్ కూడా పంపితే తెల్లారిపోతుంది. గేమ్స్ వదిలేసి సేవ్‌లు మాత్రమే ఎంచుకో. పీఎస్5 తెర మీద అడిగినప్పుడు పీఎస్4 పవర్ బటన్ ఒక సెకను పట్టుకోవాలి, బీప్ అంటుంది. నీ అకౌంట్ అయ్యాక మేనల్లుడి అకౌంట్‌తో వెళ్లి మళ్లీ చెయ్. పీఎస్4లో ఉన్నవి చెరిగిపోవు, కాపీనే.

మధ్యాహ్నం పూట పెట్టుకోవద్దు. ఈ ఎండలకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే ఇబ్బంది లేదు. సేవ్ రాస్తుండగా కరెంటు పోతే ఆ సేవ్ పాడయ్యే అవకాశం ఉంది, క్లౌడ్ ఆటో సింక్ ఆన్‌లో ఉంటే పాడైన కాపీయే పైకి ఎక్కి మంచిదాని మీద కూర్చుంటుంది. ప్లస్ ఉన్నవాళ్లు కూడా అప్పుడప్పుడు పీఎస్4 సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోమని నేను చెప్పేది అందుకే.

కొర్లగుంట కింగ్

రాత్రి భోజనాలయ్యాక పెట్టా, రెండు అకౌంట్లూ అయిపోయాయి. సేవ్‌లే కాబట్టి టీ తాగేలోపు వచ్చేశాయి. జీటీఏ, సుషిమా పీఎస్4 వెర్షన్లు సేవ్ పట్టుకున్నాయి.

ఆర్సీ రోడ్ సీనన్న

పీఎస్4 వెర్షన్ పట్టుకుంటుంది, పీఎస్5 వెర్షన్ వేరే సంగతి. అది గేమ్‌ను బట్టి. సుషిమా డైరెక్టర్స్ కట్ పీఎస్5ది కొంటే మెనూలోనే పీఎస్4 సేవ్ తెచ్చుకునే దారి ఉంది. జీటీఏ 5కు కథ సేవ్‌ను పీఎస్4 వెర్షన్‌లోంచి రాక్‌స్టార్ సర్వర్‌కు అప్‌లోడ్ చేసి, పీఎస్5 వెర్షన్‌లో దించుకోవాలి.

ఫిఫా 21 జాగ్రత్త. దానికి అప్పట్లో పీఎస్5 వెర్షన్ ఉచితంగా ఇచ్చారు కదా అని తొందరపడి దాన్ని పెట్టి మేనల్లుడికి ఇవ్వకు. పీఎస్4 నుంచి పీఎస్5కు మారినప్పుడు అల్టిమేట్ టీమ్, వోల్టా (ఫిఫాలోని వేరే మోడ్‌లు) వచ్చాయి గానీ కెరీర్ మోడ్ రాలేదు. డిస్కు పెట్టి పీఎస్4 వెర్షన్‌నే ఇన్‌స్టాల్ చేసుకోండి, కెరీర్ అందులో నడుస్తుంది. అది పీఎస్4 సేవే కాబట్టి ప్లస్ లేకుండా పెన్‌డ్రైవ్‌లోకి కూడా తీసుకోవచ్చు.

డిస్కే దిక్కు

చూశారా, చివరికి డిస్కే పెట్టాల్సి వచ్చింది.

కొర్లగుంట కింగ్

😂 ఒప్పుకున్నాం అన్నా.

పీఎస్4 వెర్షనే వేశా. మేనల్లుడికి వీడియో కాల్‌లో చూపించా. వాడు టేబుల్, గోల్స్, కొన్న ప్లేయర్లు అన్నీ వరసగా చూపించమని, ఆఖరున "మామా, నువ్వు మధ్యలో ఒక మ్యాచ్ ఆడినావు కదా" అన్నాడు. నేను ఆడలేదు.

ఇప్పుడు పీఎస్4 షాపుకు ఇచ్చేయొచ్చా?

ఆర్సీ రోడ్ సీనన్న

ట్రోఫీలు (గేమ్స్‌లో గెలుచుకున్న గుర్తులు) సింక్ కొట్టు, అది ఉచితం. తర్వాత ప్రైమరీ డీయాక్టివేట్ చెయ్. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఇనీషియలైజేషన్, ఇనీషియలైజ్ పీఎస్4, అందులో ఫుల్. గంటలు పడుతుంది, పట్టనీ. "నేనే ఫార్మాట్ కొట్టుకుంటా" అన్నవాళ్లకు లాగిన్ ఉన్న డబ్బా ఇవ్వకూడదు. ప్లాస్టర్ కూడా పీకెయ్.

స్విచ్ సుబ్బు

షాపుకెందుకు, నాకివ్వరాదా? మా అక్క కొడుకు అడుగుతున్నాడు. శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి వస్తా.

కొర్లగుంట కింగ్

మెసేజ్ పెట్టన్నా, షాపాయన చెప్పిన రేటుకే ఇస్తా. ఇప్పుడే చెబుతున్నా, ఒక కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ డ్రిఫ్ట్ అవుతుంది (ముట్టుకోకున్నా కదిలినట్టు పట్టుకుంటుంది). రెండోది బాగుంది.